మన చెరువుకు వలస పక్షులు ఎప్పుడొస్తాయో ముందే లెక్కకట్టడం ఎలా

నవంబరు నెల. తెల్లవారడానికి ఇంకా అరగంట ఉంది. చెరువు కట్ట మీద నిలబడితే కంటికి ఏమీ ఆనదు, చెవికే తెలుస్తుంది. ఎక్కడో పైన ముక్కుతో మాట్లాడినట్టు "ఆంగ్... ఆంగ్" అని ఒక గొంతు, దానికి ఇంకో గొంతు బదులు. తూర్పు తెల్లబడ్డాక ఇరవై ముప్పై పెద్ద బాతులు వంకర గీతలా తిరిగి నీటి అంచున దిగుతాయి. తెల్లటి తల, తల వెనక అడ్డంగా రెండు నల్లటి పట్టెలు. పక్షులు చూసేవాళ్లు దీన్ని బార్ హెడెడ్ గూస్ అంటారు. నా పుస్తకంలో మాత్రం పట్టెతల బాతు అని రాసుకుంటాను. మంగోలియాలోనో టిబెట్ పీఠభూమి మీదో పిల్లల్ని చేసి, హిమాలయాలు దాటి వచ్చిన పక్షి ఇది. పరిశోధకులు పరికరాలు కట్టి కొలిచినప్పుడు వీటిలో ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరింది.

"ఈ ఏడు ఎప్పుడొస్తాయి?" అని అడిగితే ఊళ్లో అందరూ చెప్పే జవాబు ఒకటే: చలి పడ్డాక. అంతకంటే దగ్గరగా చెప్పొచ్చు. ఏ వారంలో వస్తాయో, ఎక్కువ వస్తాయో తక్కువ వస్తాయో, ఏ రోజు కట్ట మీదికి వెళ్తే దిగడం కంటపడుతుందో చాలావరకు లెక్కకట్టొచ్చు. దానికి ఒక నోటు పుస్తకం, మామూలు బైనాక్యులర్స్, చేతిలో ఉన్న ఫోను చాలు. అయిదేళ్లు రాస్తే లెక్క గట్టిపడుతుంది. మొదటి ఏడాదే కొంత ఫలితం దక్కే దారి కూడా ఉంది, అదీ చెప్తాను.

ముందు తెలుసుకోవాల్సింది: అన్నీ సైబీరియా నుంచి రావు

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు దిగినప్పుడల్లా "సైబీరియా పక్షులు వచ్చేశాయి" అని వార్త వస్తుంది. ఆ ఊరి వాళ్లకు ఆ పక్షులంటే ఉన్న ప్రేమ చాలా గొప్పది, ఇంటి ఆడపడుచు వచ్చినట్టు చూసుకుంటారు. కానీ అక్కడ దిగే గూడబాతు సైబీరియా ముఖం ఎప్పుడూ చూడలేదు. అది దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. నేలపట్టులో కణప చెట్ల మీద, కొల్లేరులో ఆటపాక దగ్గర గూళ్లు కట్టేదీ ఇదే.

ఏ పక్షి విషయంలోనైనా మొదట ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది గూడు ఎక్కడ కడుతుంది? ఇక్కడ గూడు కట్టే పక్షికి మన ఊరు పుట్టిల్లు. అది వచ్చే రోజును వానలు, చెరువులో చేపలు, గూటి చెట్ల కింద నీళ్లు నిర్ణయిస్తాయి. ఉత్తరాన గూడు కట్టే పక్షికి మన ఊరు చలికాలపు విడిది మాత్రమే. దాని ప్రయాణాన్ని పగటి పొద్దు పొడవు, అక్కడి చలి, దారిలో గాలి నడిపిస్తాయి. ఈ రెంటినీ ఒకే సూత్రంతో లెక్కకడితే అంచనా ఎప్పటికీ కుదరదు.

మన వైపు కనిపించే పక్షుల్ని నేను నాలుగు గుంపులుగా చూస్తాను. చలికాలపు విడిదికి వచ్చేవి: పట్టెతల బాతులు, సూదితోక బాతులు, ఉల్లంకులు (బురద అంచున తిరిగే చిన్న పిట్టలు), జొన్నచేల మీద మబ్బులా లేచే గులాబీ మైనాలు. వాన వెంట వచ్చేది: చాతకం. ఆగకుండా దారిన పోయేవి: అమూర్ డేగలు. పొన్నంగి పిట్ట కూడా కొన్నిచోట్ల ఇలాగే రెండు రోజులు ఆగి పోతుంది. ఇక నాలుగోది, నీళ్లు వెతుక్కుంటూ దేశంలోనే తిరిగేవి: గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, పులికాట్ రాజహంసలు (ఫ్లెమింగోలు). రాజహంసలు పెద్ద ఎత్తున గూళ్లు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. అక్కడి వానా ఇక్కడి నీటి లోతూ కలిసి సూళ్లూరుపేట దగ్గర ఆ ఏడు ఎన్ని కనిపిస్తాయో తేలుస్తాయి.

మొదటిసారి చేసేవాళ్లు చలికాలపు విడిది పక్షులతోనే మొదలుపెట్టండి. వాటి రాకపోకలు క్రమం తప్పవు.

ఒకే చెరువు, ఒకే పూట

ఇంటికి దగ్గరగా ఉన్న ఒక చెరువో కుంటో ఎంచుకోండి. పెద్ద పేరున్న చోటు అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు కొల్లేరు వెళ్లి రావడం కంటే మీ ఊరి కుంటను వారం వారం చూడడం ఈ పనికి పదింతలు మేలు. వారంలో ఒక రోజు, ఒక గంట ఖాయం చేసుకోండి. నా మటుకు ఆదివారం, పొద్దు పొడిచిన అరగంటకు. ఆగస్టు మొదటి వారం నుంచి ఏప్రిల్ చివరి దాకా ఇది ఆగకూడదు.

ఆగస్టు నుంచే ఎందుకంటే, చలికి ముందే వచ్చేవి ఉన్నాయి. వానాకాలం సగంలోనే, ఆగస్టులోనే, ఉల్లంకులు బురద అంచున తోక ఆడిస్తూ కనిపిస్తాయి. బాతుల్లో గార్గనీ ముందుగా, సెప్టెంబరులోనే దిగుతుంది. కన్ను మీద తెల్లటి కనుబొమ్మలాంటి గీత మగదాని గుర్తు. కానీ వచ్చిన కొత్తలో మగవి కూడా ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి కాబట్టి ఆ గీత కోసం వెతికి మోసపోకండి. తోక ఊపుతూ నడిచే పసుపు, బూడిద రంగు పిట్టలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. సూదితోక బాతు అక్టోబరు చివర, నవంబరులో. పట్టెతల బాతు నవంబరు, డిసెంబరుల్లో. ఈ అయిదింటితో మొదలుపెడితే సీజన్ మొత్తం చేతికి పని ఉంటుంది.

పుస్తకంలో ఏం రాయాలి

తేదీ, మొదలైన సమయం, ఎంతసేపు చూశారు, ఏ పక్షి ఎన్ని, నీరు ఎక్కడిదాకా ఉంది, గాలి ఎటు నుంచి. ఇంతే. ఇందులో కొత్తవాళ్లు వదిలేసేది, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది: రాని పక్షి గురించి రాయడం. నవంబరు 9న వెళ్లారు, పట్టెతల బాతులు లేవు. "లేవు" అని రాయండి. 16న వెళ్తే ఉన్నాయి. అప్పుడే మీకు తెలిసిన నిజం ఏమిటంటే, అవి 9కి 16కి మధ్య ఎప్పుడో వచ్చాయి. 9వ తేదీ పేజీ ఖాళీగా ఉంటే, 16న చూసిన గుంపు నిన్న దిగిందో నెల కింద దిగిందో చెప్పే దారి లేదు. మొదటి రెండేళ్లు నేను చూసినవే రాశాను. ఆ రెండేళ్ల పుస్తకాలు ఈ లెక్కకు పనికిరాకుండా పోయాయి. ఇప్పటికీ వాటిని చూస్తే బాధగానే ఉంటుంది.

గుంపు లెక్కపెట్టడానికి చిట్కా: ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకోండి. ఆ ముక్కను గుంపు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జరుపుకుంటూ పోండి. నీటి మీద కూర్చున్నప్పుడు ఒకసారి, లేచినప్పుడు ఇంకోసారి. రెండు లెక్కలు తేడా వస్తే రెండూ రాయండి.

కార్తెల లెక్క ఇక్కడ పనికొస్తుంది

మన రైతులు వ్యవసాయం తిథులతో చేయలేదు, కార్తెలతో చేశారు. దాని వెనక మంచి కారణం ఉంది. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. సూర్యుడిని బట్టి నడుస్తుంది కాబట్టి ప్రతి ఏడూ దాదాపు అదే తేదీకి వస్తుంది. చాంద్రమాన నెలలు అలా కాదు. 2023లో కార్తీక పౌర్ణమి నవంబరు 27న వచ్చింది, 2025లో నవంబరు 5న. ఇరవై రెండు రోజుల తేడా. "కార్తీకంలో బాతులొస్తాయి" అని గుర్తుపెట్టుకుంటే ఒక ఏడు నిజమవుతుంది, ఇంకో ఏడు తప్పుతుంది.

పక్షికి బయలుదేరమని చెప్పేది ముఖ్యంగా పగటి పొద్దు. పగలు తగ్గుతూ వచ్చే కొద్దీ వాటి ఒంట్లో మార్పు మొదలవుతుంది, కొవ్వు పేరుకుంటుంది, రాత్రిళ్లు కుదురుగా ఉండలేవు. పగటి పొద్దు సూర్యుడి లెక్క, కార్తె కూడా సూర్యుడి లెక్క. అందుకే నేను పుస్తకంలో తేదీ పక్కన కార్తె రాస్తాను. మఖ, పుబ్బల్లో ఉల్లంకులు, ఉత్తర నుంచి గార్గనీలు, స్వాతి నుంచి సూదితోకలు, విశాఖ, అనూరాధల్లో పట్టెతల బాతులు. ఇలా పెట్టుకుంటే ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడటం కూడా సులువవుతుంది. "నవంబరు రెండో వారంలో మీ చిన్నప్పుడు బాతులుండేవా తాతా" అంటే చెప్పలేరు. "విశాఖ కార్తెలో" అంటే ఠక్కున చెప్తారు.

చాతకం సంగతీ అంతే. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని సామెత. ఆ రోజుల్లోనే నల్ల జుట్టు, తెల్ల పొట్ట ఉన్న ఈ కోయిల జాతి పక్షి ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం మీదుగా, నైరుతి గాలిని వీపున మోసుకుని వస్తుంది. కాకపోతే ఒక జాగ్రత్త: దక్షిణాదిలో ఏడాది పొడుగునా ఉండే చాతకాలు కూడా ఉన్నాయి. మీ ఊళ్లో ఏప్రిల్‌లో కూడా అది కనిపిస్తుంటే జూన్‌లో కనిపించింది కొత్తగా వచ్చిందని రాయకండి.

మొదటి ఏడాది వాళ్లకు: ఇతరుల లెక్కలు

సొంత పుస్తకం లేనివాళ్లకు ఈబర్డ్ ఉంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షి పరిశోధనాలయం 2002 నుంచి నడుపుతున్న ఈ వేదికలో మన దేశంలోని వేలమంది తమ జాబితాలు పెడుతున్నారు. అందులో మీ జిల్లా ఎంచుకుని బార్ చార్ట్ తెరవండి. ప్రతి పక్షికీ నెలకు నాలుగు గడుల చొప్పున పచ్చటి గీత కనిపిస్తుంది. గీత లావుగా ఉన్న వారంలో ఎక్కువ జాబితాల్లో ఆ పక్షి ఉందన్నమాట.

ఈ గీతల్ని చదివేటప్పుడు పడే తప్పు ఒకటి చెప్తాను. చాలామంది గీత మొదలైన గడిని "వచ్చే తేదీ" అనుకుంటారు. చూసేవాళ్లు పెరిగే కొద్దీ ఎవరో ఒకరికి తొందరపడి వచ్చిన ఒంటి పక్షి కనపడుతుంది. దాంతో పక్షులు ముందుగా వస్తున్నాయన్న భ్రమ పుడుతుంది. నిజానికి ముందుకు జరిగింది మన చూపు. కాబట్టి గీత అత్యధిక లావులో సగానికి చేరిన వారాన్ని పట్టుకోండి. అదే అసలు గుంపులు దిగే కాలం. ఇంకొకటి, హైదరాబాద్ చుట్టుపక్కల వేసే జాబితాలు చాలా ఎక్కువ, మారుమూల జిల్లాల్లో తక్కువ. మీ జిల్లా గీత తెగి తెగి ఉంటే పక్క జిల్లాలు కలిపి చూడండి.

మీరూ జాబితాలు పెట్టండి. పదిహేను నిమిషాలకు తగ్గకుండా చూడండి. గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని అడిగినప్పుడు, కాకుల్నీ గోరింకల్నీ కూడా రాసి, అవునని చెప్పండి. అలాంటి పూర్తి జాబితాలతోనే ఆ గీతలు గీస్తారు.

పైదారి కబురు

మన చెరువుకు వచ్చే బాతులు ఆకాశం నుంచి ఊడిపడవు. ఉత్తరాది నుంచి దక్షిణాదికి మెట్టు మెట్టుగా దిగుతాయి. హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ పట్టెతల బాతులకు పెద్ద మకాం. రాజస్థాన్‌లో భరత్‌పూర్, తూర్పు తీరంలో చిలికా ఇంకొన్ని. అక్కడ ఎప్పుడు దిగాయో ఈబర్డ్‌లో అదే వారంలో తెలిసిపోతుంది. రోజూ అయిదు నిమిషాలు చూడండి. పాంగ్‌లో గుంపులు కనిపించిన రోజుకీ మీ చెరువులో కనిపించిన రోజుకీ ఎన్ని రోజుల తేడా ఉందో ప్రతి ఏడూ ఒక మూల రాసుకోండి.

పాంగ్‌లో దిగిన పక్షులే మన దగ్గరికి వస్తాయని కాదు, వాటిలో ఎక్కువ అక్కడే ఉండిపోతాయి. కానీ పైన చలి ముందుగా ముదిరిన ఏడు అందరి ప్రయాణమూ ముందుకు జరుగుతుంది. కబురు వారం ముందుగా వస్తే నేను నా తేదీని మూడు నాలుగు రోజులే ముందుకు జరుపుతాను, మొత్తం వారం జరపను. దారిలో మంచి మేత దొరికితే అవి ఆగుతాయి.

గాలి చూడటం

ఇదే నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. ఫోనులో విండీ యాప్ తెరిచి, ఎత్తు మార్చే చోట 850 హెక్టోపాస్కల్ పెట్టండి. అంటే సుమారు 1,500 మీటర్ల ఎత్తున గాలి. నేల మీద ఆకు కదలకపోయినా అక్కడ గాలి జోరుగా ఉండొచ్చు. ఎగిరే పక్షికి కావాల్సింది ఆ గాలి లెక్క.

నైరుతి ఋతుపవనాల కాలమంతా మన మీద గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. దక్షిణానికి రావాల్సిన పక్షికి ఇది అడ్డు. అక్టోబరు నడుమ నైరుతి వెనక్కి మళ్లుతుంది, ఆ తర్వాత కొద్ది రోజుల్లో ఈశాన్య గాలి మొదలవుతుంది. ఈ మలుపు ఏ వారంలో పడిందో చూడండి. మ్యాపులో గీతలు ఉత్తరం, ఈశాన్యం నుంచి కిందికి పారుతూ, వరుసగా రెండు మూడు రాత్రులు ఆకాశం నిర్మలంగా ఉంటే మర్నాడు పొద్దున్నే కట్ట మీద ఉండాలి. సెలవు పెట్టాల్సొచ్చినా సరే.

అదే రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి తుపాను మన తీరానికి తూర్పున సముద్రంలో ఉన్నంతసేపు దాని పడమటి అంచున, అంటే మన మీద, ఉత్తరపు గాలి ఉంటుంది. దిశ పక్షికి అనుకూలమే, కానీ మబ్బూ వానా దాన్ని దింపేస్తాయి. ఎగరాల్సినవన్నీ ఎక్కడికక్కడ ఆగి, వాన వెలిశాక ఒక్కసారిగా కదులుతాయి. తుపాను తగ్గిన తర్వాతి రెండు మూడు ఉదయాల్ని ఎన్నడూ వదలకండి. సముద్రం మీదే బతికే పక్షులు దారితప్పి లోపలి చెరువుల్లో దిగేదీ అప్పుడే. అలాంటి పక్షి నీరసంగా కనిపిస్తే చుట్టూ మూగకుండా అటవీ శాఖకు ఫోను చేయండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ పని చాలావరకు సిద్ధంగా దొరుకుతుంది. అక్కడ బర్డ్‌కాస్ట్ అనేది వాతావరణ రాడార్లలో పడే పక్షుల గుంపుల్ని ఏళ్ల తరబడి చదివి, రాబోయే మూడు రాత్రులు ఎన్ని పక్షులు ఎగురుతాయో మ్యాపు వేసి ఇస్తుంది. ఎక్కువ ఎగిరే రాత్రి ఇంటి బయటి లైట్లు ఆపేయండి. దీపాలకు దారితప్పి అద్దాలకు గుద్దుకుని చనిపోయేవి అక్కడ లెక్కలేనన్ని.

నీళ్లు: తేదీ కంటే సంఖ్య

గాలి తేదీని మారుస్తుంది, చెరువు నీరు సంఖ్యను మారుస్తుంది. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మత్తడి దూకిన ఏడు పక్షులు విరగబడి వస్తాయని అనుకునేవాణ్ని. తీరా వెళ్తే చెరువు నిండు గర్భిణిలా ఉండేది, పక్షులు మాత్రం పల్చగా.

కారణం రెండు రకాలు. ఉల్లంకి లాంటి పిట్టకు కాలు మునిగేంత నీరు, దాని పక్కన మెత్తటి బురద కావాలి. తలకిందులుగా మునిగి తోక పైకి లేపి మేసే బాతుకు మెడ అందేంత లోతు చాలు. నీరు కట్టకు ఆనుకుని నిండుగా ఉంటే శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, బురద బయటపడదు, వాటికి కూడు లేదు. రెండోది, వానలు బాగా పడ్డ ఏడు చుట్టుపక్కల ప్రతి కుంటలోనూ నీళ్లుంటాయి కాబట్టి వచ్చినవన్నీ చెల్లాచెదరవుతాయి. కరువు ఏడు నాలుగు పెద్ద చెరువుల్లోనే నీళ్లుంటే అక్కడ గుంపులు కిక్కిరిసిపోతాయి. ఆ సంఖ్య చూసి పక్షులు పెరిగాయని సంబరపడటం పొరపాటు.

కాబట్టి అక్టోబరు నుంచి నీటిని కూడా వెంబడించండి. నీరటిని అడగండి: తూము ఎప్పుడు తీస్తారు, యాసంగికి ఎన్ని తడులు, ఏ నెలలో శిఖం బయటపడుతుంది. అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. చేపలు పట్టేవాళ్లకు లోతు తెలుసు. ఉపగ్రహ చిత్రాలు కూడా ఉచితంగా దొరుకుతాయి. సెంటినల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి మన మీదుగా పోతూ 10 మీటర్ల వివరంతో ఫొటోలు తీస్తాయి. కోపర్నికస్ బ్రౌజర్‌లో మీ చెరువు వెతికి, నీటిని విడిగా చూపే రంగుల అమరిక పెడితే నెల నెలా నీటి అంచు ఎంత వెనక్కి పోయిందో కనిపిస్తుంది. వానాకాలంలో మబ్బులు అడ్డం వస్తాయి, నవంబరు నుంచి బాగుంటుంది.

పట్టెతల బాతుల సంగతి కొంచెం వేరు. అవి రాత్రిపూట చేలల్లో మేసి, పగలు నీటి అంచున విశ్రాంతి తీసుకుంటాయి. వాటికి కావాల్సింది చుట్టూ కనుచూపు మేర ఖాళీగా ఉండి, కుక్కలు మనుషులు రాని ఒడ్డు. కట్ట పొడుగునా లైట్లు పెట్టి, పార్కు చేసిన చెరువులో నీళ్లెన్ని ఉన్నా అవి నిలవడం నేను చూడలేదు.

అంచనాను కాగితం మీద పెట్టడం

ఇప్పుడు లెక్క. మీ దగ్గర పట్టెతల బాతులకు అయిదేళ్ల తేదీలున్నాయనుకుందాం. ప్రతి ఏడూ చివరి "లేవు"కీ మొదటి "ఉన్నాయి"కీ నడిమి రోజు తీసుకోండి. ఉదాహరణకు అవి నవంబరు 10, 13, 17, 20, డిసెంబరు 9 అనుకోండి. సగటు తీస్తే నవంబరు 20 వస్తుంది. కానీ ఆ ఒక్క ఆలస్యపు ఏడాది మొత్తం లెక్కను లాగేసింది. వరుసలో నడుమ ఉన్న తేదీ తీసుకోండి: నవంబరు 17. ఇదే మీ ఆధార తేదీ. అయిదేళ్లలో మూడేళ్లు 13కీ 20కీ మధ్య వచ్చాయి కాబట్టి "ఆ వారంలో రావడానికి 10కి 6 పాళ్లు" అని రాయవచ్చు.

ఆ తర్వాత దిద్దుబాట్లు. పైదారి కబురు ముందుగా ఉందా, గాలి మళ్లిందా, తుపాను ఉందా, నీరు ఎంత? అక్టోబరు 31న కూర్చుని ఒక పేజీలో రాయండి. "నవంబరు 11 నుంచి 18 మధ్య మొదటి గుంపు. 10కి 6. పది కంటే ఎక్కువ ఉండే అవకాశం 10కి 4, ఎందుకంటే నీరు ఇంకా కట్టకు ఆనుకుని ఉంది." సంతకం పెట్టి తేదీ వేయండి. ఆ తర్వాత దిద్దకండి. వారం వారం కొత్త అంచనా రాయాలనిపిస్తే కొత్త పేజీలో రాయండి.

సీజన్ అయ్యాక సరిచూడండి. ఒక్క అంచనా తప్పితే ఏమీ కాదు. ఇరవై అంచనాలు పోగయ్యాక "10కి 7" అని రాసినవి అన్నీ పక్కకు తీయండి. వాటిలో నూటికి డెబ్బై దాకా నిజమైతే మీ చెయ్యి కుదిరినట్టు. తొంభై నిజమైతే మీరు భయపడి తక్కువ చెప్తున్నారు. యాభై అయితే ధీమా తగ్గించుకోవాలి.

ఒక్కో పక్షినీ వెంబడించడం: ఉంగరాలు, పట్టీలు, పరికరాలు

1899లో డెన్మార్క్‌లో హాన్స్ మోర్టెన్సెన్ అనే బడిపంతులు గోరింక జాతి పక్షుల కాళ్లకు నంబరు వేసిన లోహపు ఉంగరాలు తొడిగి వదిలాడు. ఏ పక్షి ఎక్కడ పుట్టి ఎక్కడ తేలిందో ఒక్కొక్కటిగా చెప్పే విద్య అక్కడి నుంచి ఊపందుకుంది. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ లక్షల పక్షులకు ఉంగరాలు వేసింది.

మీ చెరువులో పట్టెతల బాతు మెడకు రంగు పట్టీ, దాని మీద అక్షరం, అంకెలు కనిపిస్తే అది వలస కథలో మీకు దొరికిన పేజీ. పట్టీ రంగు, అక్షరాల రంగు, చదివిన వరుస, కింది నుంచి పైకా పైనుంచి కిందికా, అన్నీ రాయండి. కాలికి జెండాలాంటి ముక్కలుంటే ఏ కాలు, కీలుకు పైనా కిందా, రెండు రంగులుంటే ఏది పైన. సగం కనిపించిన అక్షరాన్ని ఊహించి పూరించకండి, అక్కడ ప్రశ్నార్థకం పెట్టండి. ఫొటో మసకగా ఉన్నా పంపండి. సొసైటీకి రాస్తే ఆ పక్షికి ఎక్కడ, ఎప్పుడు పట్టీ వేశారో తిరిగి తెలుస్తుంది. ఉంగరం చూడటానికి బతికున్న పక్షిని పట్టుకోవడం చట్టం ప్రకారం నేరం. చచ్చిన పక్షిని చేత్తో ముట్టకండి, బర్డ్ ఫ్లూ భయం ఉంటుంది. ఫొటో తీసి పశువైద్యుడికి చెప్పండి.

కొన్నిసార్లు వీపు మీద చిన్న పెట్టె, దానికి సన్నటి తీగ ఉన్న పక్షి దిగి, ఊళ్లో గూఢచారి పరికరం అని అలజడి లేస్తుంది. అది ఉపగ్రహానికి చోటు చెప్పే ట్రాన్స్‌మిటర్. పక్షి బరువులో 3 నుంచి 5 శాతం మించకుండా చూసి కడతారు. అలాంటి పరికరాల వల్లే అమూర్ డేగల దారి బయటపడింది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వేల డేగల్ని వలలు కట్టి చంపుతున్న సంగతి లోకానికి తెలిసింది. మరుసటి ఏడే ఆ ఊళ్ల వాళ్లు వేట మానేశారు. అదే 2013లో మూడు డేగలకు ట్రాన్స్‌మిటర్లు కట్టి నాగా, వోఖా, పంగ్తి అని పేర్లు పెట్టారు. అవి మన దక్కను మీదుగా వచ్చి, అరేబియా సముద్రాన్ని ఏకబిగిన దాటి, దక్షిణాఫ్రికా వైపు సాగాయి. ఒక్కోటి 150 గ్రాములకు అటూ ఇటూ ఉండే పక్షి.

మనకు అంచనాకు పనికొచ్చే ముక్క ఇదే: నవంబరు రెండో సగంలో, తూర్పు గాలి ఉన్న రోజుల్లో, మెట్టచేల మీద కరెంటు తీగలు చూస్తూ ఉండండి. చివరి వానకు ఉసిళ్లు లేచినా, తూనీగలు గుంపులు కట్టినా ఈ డేగలు దిగి మేసి పోతాయి. ఒక పూట ఉండి మర్నాటికి మాయమవుతాయి. మూవ్‌బ్యాంక్ అనే వేదికలో ఇలాంటి ప్రయాణ రేఖలు చాలా పక్షులవి అందరూ చూసేలా ఉన్నాయి. ఒక సాయంత్రం కూర్చుని చూస్తే మ్యాపు మీద మన ఊరు ఎక్కడ పడుతుందో తెలుస్తుంది.

రాత్రి దాటిపోయేవి

చిన్న పిట్టలు, బాతులు చాలావరకు రాత్రే ఎగురుతాయి. కొంగలు, గద్దలు పగటి వేడి గాలిలో చుట్లు తిరుగుతూ పైకి లేచి జారిపోతాయి. రాత్రి ప్రయాణాన్ని చూడటానికి పౌర్ణమికి అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు మంచివి. స్పాటింగ్ స్కోప్ కానీ చిన్న టెలిస్కోపు కానీ చంద్రుడి మీద పెట్టి ఊరికే చూస్తూ ఉండండి. కొన్ని నిమిషాలకోసారి నల్లటి చుక్క ఒకటి వెలుగు బిళ్లను దాటుతుంది. ఎటు నుంచి ఎటు దాటిందో గడియారం అంకెల్లాగా రాయండి: "రెండు నుంచి ఏడుకి". స్వాతి, విశాఖ కార్తెల్లో వచ్చే పౌర్ణమి దీనికి మేలైనది.

పొన్నంగి పిట్ట కథ ఈ రాత్రి ప్రయాణాల్లోదే. హిమాలయ పాదాల్లో, మధ్య భారతంలో వానాకాలం గూడు కట్టి, చలికాలం దక్షిణానికీ శ్రీలంకకూ పోతుంది. ఒక అక్టోబరు చివర పొద్దున్నే మా వరండాలో చెప్పుల స్టాండు పక్కన ఒకటి నిలబడి ఉంది. పొట్ట మట్టి పసుపు, తోక కింద కుంకుమ పెట్టినట్టు ఎరుపు, రెక్క మీద నీలం ముక్క, కంటి మీదుగా నల్లటి గీత. పొట్టి తోక, కాళ్లు బారుగా. అదరలేదు, బెదరలేదు, అలసిపోయి రెప్పలు వాల్చింది. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, లోపల గుడ్డ పరిచి, అందులో ఉంచి చీకటి గదిలో పెట్టాం. నీళ్లు నోట్లో పోయలేదు, అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సాయంత్రం దిరిసెన చెట్టు కింద పెట్టె తెరిస్తే రెండు గెంతులు వేసి పొదలోకి పోయింది. చీకటి పడే వేళ అక్కడి నుంచే రెండు మెట్ల ఈల వినిపించింది. ఆ తేదీ ఇప్పుడు నా లెక్కల్లో ఒక గీటురాయి. ఏటా ఆ వారం చీకటి పడే వేళ, తెల్లవారే వేళ చెవి రిక్కించి ఉంటాను.

తిరుగు ప్రయాణం

జనవరి రెండు, మూడు వారాల్లో ఆసియాలోని చాలా దేశాల్లో నీటి పక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి నడుస్తోంది. మీ చెరువు ఆ జాబితాలో లేకపోతే చేర్పించండి. అప్పటికి సంఖ్య దాదాపు స్థిరపడి ఉంటుంది కాబట్టి ఆ ఒక్క లెక్క మీ ఏడాదికి కొలబద్ద అవుతుంది.

ఫిబ్రవరి చివర నుంచి చూపు మార్చాలి. మార్చిలో మోదుగ, బూరుగ పూసినప్పుడు గులాబీ మైనాలు చెట్ల మీద గోలగా గుమిగూడతాయి, అవి ఉత్తరానికి బయలుదేరడానికి ముందు తిండి దట్టిస్తున్నాయి. బాతులు సాయంత్రాలు లేచి చెరువు చుట్టూ ఎత్తుగా రెండు మూడు చుట్లు తిరిగి మళ్లీ దిగుతుంటే ఒకటి రెండు వారాల్లో వెళ్తాయని నేను రాసుకుంటాను. దక్షిణ గాలి మొదలైన రాత్రి చాలాసార్లు చెరువు సగం ఖాళీ అవుతుంది.

వెళ్లిన తేదీ పట్టుకోవడం వచ్చిన తేదీ కంటే కష్టం. చివరిసారి చూస్తున్నప్పుడు అదే చివరిసారని తెలియదు. అందుకే పట్టెతల బాతులు కనిపించకుండా పోయాక కూడా వరుసగా మూడు ఆదివారాలు వెళ్లండి. ఎండ ఎక్కుతుంటుంది, చెరువులో కొంగలు, నీటికాకులు తప్ప ఏమీ ఉండవు. అయినా వెళ్లి, ఆ మూడు పేజీల్లోనూ తేదీ వేసి "లేవు" అని రాసి రండి.